ఫైలు పేరు చివరి అక్షరాలు – వాటి ప్రయోజనం

పాల లెక్కలు ఇప్పుడు చాలా సంఘాలలో కంప్యూటరులోనే ఉంటున్నవి. తనిఖీకి వెళ్ళినప్పుడు కార్యదర్శులు మమ్ములను తరచు అడిగే ప్రశ్న: "ఫైలు పేరు చివర చుక్క తరువాత ఉండే ఆ మూడు నాలుగు అక్షరాలు దేనికండీ?" వీటినే ఎక్స్‌టెన్షన్ అంటారు.

పాల క్యానుకు చీటీ ఎటువంటిదో, ఫైలుకు ఇది అటువంటిది. లోపలి సరుకు ఏ రకమో, దానిని ఏ ప్రోగ్రాముతో తెరవాలో కంప్యూటరుకు తెలుపుతుంది. 1981లో వచ్చిన ఎం.ఎస్. డాస్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలు, ఎక్స్‌టెన్షనుకు మూడు మాత్రమే చోటుండేది. జెపిఇజి ఫొటో ఫైలు జెపిజి అయినది అందువల్లనే. విండోస్ 95తో ఆ హద్దు తొలగినది.

చీటీ మార్చినంత మాత్రాన ఆవుపాలు గేదెపాలు కావు. అట్లే, పేరు చివర పిడిఎఫ్ అని దిద్దినంత మాత్రాన లెక్కల పట్టిక పిడిఎఫ్ కాదు. ఫైలును తెరచి, "సేవ్ యాజ్" ద్వారా మార్చవలెను.

సంఘాలకు ముఖ్యమైనవి:

పిడిఎఫ్: ఎక్కడ తెరచినా, అచ్చు తీసినా ఒకే తీరున ఉంటుంది. బిల్లులకు, తీర్మానాల నకళ్ళకు తగినది.

ఎక్స్ఎల్ఎస్, ఎక్స్ఎల్ఎస్ఎక్స్: ఎక్సెల్ పట్టికలు. పాతదైన మొదటి దానిలో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. నూరుగురు సభ్యులు రెండు పూటలా పాలు పోస్తే ఏడాదికి 73,000 వరుసలు, అందులో పట్టవు. 2007 నాటి రెండవ దానిలో 10,48,576 పడతాయి.

సిఎస్‌వి: కామాలతో విడదీసిన వట్టి అక్షరాలు, అంకెలు. రంగులు, సూత్రాలు నిలువవు. దీనిని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే సాధారణంగా సభ్యుని సంఖ్య 0047 కాస్తా 47 అవుతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే సరిగా ఉంచుతుంది గనుక, 16 అంకెల ఖాతా నంబరులో చివరిది సున్న అయిపోతుంది. అట్లే సేవ్ చేసి బ్యాంకుకు పంపితే సభ్యుని పాల డబ్బు అతనికి చేరదు. కావున "డేటా" మెనూ ద్వారా తెచ్చుకొని, ఆ గడిని "టెక్స్ట్"గా ఎంచుకొనవలెను. పంపేముందు నోట్‌ప్యాడ్‌లో తెరచి పాసుపుస్తకాలతో సరిచూడవలెను.

ఇఎక్స్ఇ: ఇది కాగితం కాదు, పని చేసే ప్రోగ్రాము. విండోస్ మామూలుగా తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచి చూపుతుంది. అందువల్ల "బిల్లు.పిడిఎఫ్.ఇఎక్స్ఇ" అనే దొంగ ఫైలు "బిల్లు.పిడిఎఫ్"గా కనబడుతుంది. 2000 మే నెలలో ప్రపంచమంతటా పాకిన "ఐ లవ్ యూ" వైరస్ ఇట్లే టిఎక్స్‌టి ముసుగులో వచ్చిన విబిఎస్ ఫైలు. ఫోనులో ఎపికె కూడా ప్రోగ్రామే. శుభలేఖ అనో, బ్యాంకు నోటీసు అనో ఎపికె వస్తే తెరవరాదు.

ఫైళ్ళ కిటికీలో "వ్యూ" మెనూకు వెళ్ళి "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" ఎదుట టిక్కు పెడితే దాగిన అక్షరాలు కనబడతాయి. కార్యదర్శులు రాబోయే చెల్లింపు జాబితా పంపే లోపుగా ఈ ఏర్పాటు చేసుకొనగలరని కోరుచున్నాము.