శిలీంధ్రం కాని బూజు

మిరప, వంగ, పొగాకు నారుమళ్ళలో నీళ్ళు నిలిస్తే మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి గుంపులు గుంపులుగా పడిపోతాయి. రైతులు నారుకుళ్ళు అనే ఈ తెగులుకు చాలాసార్లు కారణం పిథియం. చూడటానికి తెల్లటి దారాల బూజు. ఎవరైనా శిలీంధ్రమే అంటారు. వృక్షశాస్త్ర పుస్తకాలూ చాలాకాలం అలాగే చెప్పాయి.

అది శిలీంధ్రం కాదు. ద్రాక్ష బూజు తెగులు, సజ్జ వెర్రికంకి తెగులు, బంగాళాదుంప ఆకుమాడు తెగులు కలిగించేవీ కావు. ఇవన్నీ ఊమైసీట్లు. వీటి దగ్గరి చుట్టాలు పుట్టగొడుగులు కాదు, సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచులు. శిలీంధ్రాలేమో మొక్కలకన్నా జంతువులకే దగ్గర!

మరి రూపం ఎలా కలిసింది? రెండింటి బతుకుతెరువూ ఒకటే. ఆహారం లోపలికి దూరి, ఎంజైములు వదిలి, కరిగినదాన్ని పీల్చుకోవాలి. ఆ పనికి సన్నటి దారంలాంటి ఒళ్ళే అనువు. కానీ లోపలి నిర్మాణం వేరు. శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ ముఖ్యం. ఊమైసీట్లలో మొక్కల్లో మాదిరి సెల్యులోజ్ ఉంటుంది. పైగా చాలా ఊమైసీట్ల సిద్ధబీజాలకు రెండేసి కశాభాలుంటాయి. వాటితో ఈదుకుంటూ వేళ్ళను వెతుక్కుంటూ పోతాయి. మడిలో నీరు నిలవనివ్వొద్దని పెద్దలు పోరేది ఊరికే కాదు.

గోదావరి డెల్టా తాటిచెట్లకూ ఈ కథలో చోటుంది. అక్కడ తాటి మొవ్వలు కుళ్ళిపోతుంటే, పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసిన ఎడ్విన్ బట్లర్ పరిశీలించి, కారకానికి 1907లో పిథియం పామివోరం అని పేరుపెట్టాడు. 1919లో తనే దాన్ని ఫైటాఫ్తోరా ప్రజాతికి మార్చాడు. కొబ్బరికి మొవ్వకుళ్ళు తెచ్చేది కూడా అదే. దాని చుట్టమే 1845 నుంచి ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను తుడిచిపెట్టింది. దానివల్ల వచ్చిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు.

ఈ బూజులకు మందు దొరికిన తీరు మాత్రం తమాషాగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని మెడాక్ ప్రాంతంలో, బాటసారులు పళ్ళు కోసుకోకుండా దారి పక్క ద్రాక్షతీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారు. ఆ తీగలకు బూజు తెగులు సోకలేదని మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. 1885లో ఆయన ప్రకటించిన బోర్డో మిశ్రమం నేటికీ వాడుకలో ఉంది.

చుట్టరికం గొడవ శాస్త్రజ్ఞులది, రైతుకెందుకు అనుకోవడం తప్పు. శిలీంధ్రాలను కట్టడి చేసే మందుల్లో కొన్ని వాటి పొరల్లోని ఎర్గోస్టెరాల్ తయారీని ఆపుతాయి. ఊమైసీట్లు దాన్ని తయారే చేసుకోవు, కనుక ఆ మందులు వీటి మీద సాధారణంగా పనిచేయవు. కార్బెండజిమ్ కూడా వీటి ముందు దిగదుడుపే. మెటలాక్సిల్ పనిచేస్తుంది, కానీ అదే పనిగా వాడితే తట్టుకునే రకాలు పుట్టుకొస్తాయి. అందుకే దుకాణంలో బూజుమందు అని మాత్రం అడగకండి. తెగులు సోకిన మొక్కను వేళ్ళతో సహా వ్యవసాయాధికారికి చూపించి, ఏ జాతి బూజో తేల్చుకున్నాకే డబ్బు ఖర్చుపెట్టండి.