పేరు ‘న్యూ ఇన్’, వయసు 570 ఏళ్లు! గోడలు మోయని పబ్ కథ

ఇవాళ మనం ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్ వెళ్దాం. అక్కడ ‘న్యూ ఇన్’ అని ఒక భవనం ఉంది. వందల ఏళ్లు సత్రంగా, పబ్‌గా నడిచింది. పేరుకే కొత్తది, కట్టింది మాత్రం 1450 ప్రాంతంలో!

ఎందుకు కట్టారంటే, రాజు రెండో ఎడ్వర్డ్ సమాధి ఆ ఊళ్లోని అప్పటి మఠంలో ఉంది. దాన్ని చూడటానికి జనం బాగా వచ్చేవాళ్లు. వాళ్లకి బస కోసం జాన్ ట్వైనింగ్ అనే సన్యాసి దీన్ని కట్టించాడు. మధ్యలో పెద్ద వాకిలి, చుట్టూ పై అంతస్తులో చెక్క వరండాలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇలాంటి పాత పబ్‌లలో బరువు మోసేది గోడ కాదు, ఓక్ చెక్క చట్రం. ఒక దూలం చివర నాలుకలా చెక్కి, ఇంకో దూలానికి తొలిచిన రంధ్రంలో దూరుస్తారు. అది ఊడిపోకుండా అడ్డంగా చెక్క మేకు కొడతారు. మధ్య ఖాళీల్లో పుల్లలతో తడికె అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తుతారు. అంటే గోడ వట్టి పరదా లాంటిదన్నమాట!

మరి ఈ పాత పబ్‌లు ఎందుకు వంకరగా ఉంటాయి? ఎండిన ఓక్ బాగా గట్టిపడి, చెక్కడం కష్టమవుతుంది. అందుకే పచ్చి చెక్కతోనే కట్టేవాళ్లు. అది ఏళ్ల తరబడి మెల్లగా ఎండుతూ కాస్త కుంచించుకుపోతుంది, వంగుతుంది. కాబట్టి వంకర ఉన్నంత మాత్రాన కూలిపోతుందని కాదు.

అసలు ప్రమాదం ఎక్కడుందో తెలుసా? సిమెంట్‌లో! పాత మట్టి, సున్నం లోపలి తేమని బయటికి వదిలేస్తాయి. వాటి మీద సిమెంట్ పూస్తే, పగుళ్లలోంచి దిగిన నీళ్లు లోపలే ఉండిపోతాయి. బయటికి గోడ నీట్‌గానే కనిపిస్తుంది, లోపల దూలం కుళ్లిపోతుంటుంది. వందల ఏళ్లు నిలబడిన చెక్కని మంచి ఉద్దేశంతో చేసిన రిపేరే తినేస్తుంది. నాకైతే ఇదే అన్నిటికన్నా బాధనిపించే విషయం. అందుకే తెలిసినవాళ్లు మళ్లీ సున్నమే వాడతారు, పాడైన ముక్క వరకే కోసి కొత్త ఓక్ అతుకుతారు.

మీలో ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు ఇలాంటి పబ్‌కి వెళ్తే, సెల్ఫీ తర్వాత దూలాల అతుకుల దగ్గర ఒకసారి చూడండి. రోమన్ అంకెల్లాంటి గీతలు కనిపించొచ్చు. ఏ ముక్క ఎక్కడ బిగించాలో గుర్తుగా అప్పటి వడ్రంగులు గీసుకున్న నంబర్లు అవి. కనిపిస్తే కామెంట్‌లో చెప్పండి.