నక్షాలు – నమ్మకము

నల్లగొండ, మహబూబునగరు చెలకలలో చేత పట్టా యుండియు తన గట్టెచ్చటనో యెఱుగని రైతులు కలరు. నిజాము నాటి సర్వే తరువాత భూములు తరతరములుగ చీలినవి, టిప్పన్లు జీర్ణించినవి. రాష్ట్రమున నక్షాయే లేని గ్రామములు 413 అని 2025లో ప్రభుత్వము తేల్చినది. వానిలో మహబూబునగరు జిల్లాలోని సాలార్‌నగరు ప్రయోగాత్మక రీసర్వేకు ఎన్నికయైనది.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టము అమలులోనికి రాగా, స్థిరోద్యోగులు చాలక, ప్రభుత్వము లైసెన్సు సర్వేయర్లకు శిక్షణ నొసంగినది. ఇందులకు మేము సంతసించుచున్నాము. కాని తాత్కాలికుడు నేడు కొలిచి రేపు వెడలిపోవును. అతడు గీచిన గీత తరములు నిలుచును. కావున ప్రతి నక్షాను గ్రామసభలో ఇరుగుపొరుగు రైతుల యెదుట చదివి వినిపింపవలెను. స్థిరోద్యోగి స్వయముగ తనిఖీ చేసి సంతకము చేయవలెను. తొందరలో తప్పిన గజము రైతును కోర్టుల పాలు చేయును.