మరో బిడ్డను కనేముందు: పసిపిల్లల గుండె, కండరాల జబ్బు గురించి నాలుగు మాటలు



నెలలు నిండి పుట్టిన బిడ్డ. పుట్టగానే చక్కగా ఏడ్చింది. రెండు మూడు నెలలు వచ్చేసరికి కాలూ చేయీ ఆడించదు, ఎత్తుకుంటే తడిగుడ్డలా వేలాడిపోతుంది. ఏడాది నిండకుండానే పోయింది. ఊళ్లో ఒకరు దిష్టి అన్నారు, ఇంకొకరు తల్లి గ్రహణం చూసిందన్నారు. పెద్దలేమో "పోయినదాన్ని తలుచుకొని ఏం లాభం, వెంటనే ఇంకొకరిని కనండి" అన్నారు. ఇలాంటి కష్టం మీకు గాని, మీ బంధువులకు గాని వచ్చి ఉంటే ఈ కరపత్రాన్ని ఓపికగా చదవండి.

ఏమిటీ జబ్బు?

బిడ్డ ఇలా మెత్తబడిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి పాంపే వ్యాధి. 1932లో నెదర్లాండ్స్ దేశపు వైద్యుడు పాంపే దీన్ని మొదట వివరించాడు కనుక ఆ పేరు వచ్చింది. ఇది చాలా అరుదైనది.

వెనుకట మన సీమలో జొన్నలను పాతరలో పోసి, కావలసినప్పుడు తీసుకొనేవారు. మన ఒళ్లు కూడా అంతే. చక్కెరను గ్లైకోజన్ అనే రూపంలో కండల్లో నిలువ చేసుకుంటుంది. దానిలో కొంత భాగాన్ని కరిగించడానికి ఒక ఎంజైమ్ కావాలి. ఈ బిడ్డల్లో ఆ ఎంజైమ్ ఉండదు, లేదా చాలా తక్కువ. పోసేదే గాని తీసేది లేని పాతరలా నిలువ పేరుకుపోతుంది. కండలు బలం కోల్పోతాయి. గుండె కూడా కండే కదా! అది మందమై పెద్దదవుతుంది.

గుర్తులు ఏమిటి?

- మెడ నిలవదు, ఒళ్లు మెత్తగా ఉంటుంది.
- పాలు చీకలేదు, చీకేటప్పుడు చెమట పడుతుంది, బరువు పెరగదు.
- డొక్కలు ఎగరేస్తుంది, మాటిమాటికీ నెమ్ము చేస్తుంది.
- కొందరికి నాలుక పెద్దదిగా ఉంటుంది. ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా కనిపిస్తుంది.

వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తప్పు ఎవరిది?

ఎవరిదీ కాదు. ప్రతి మనిషిలో జన్యువులు జతలుగా ఉంటాయి. ఒకటి తండ్రి ఇచ్చింది, ఒకటి తల్లి ఇచ్చింది. జతలో ఒకటి చెడినా రెండోది పని నడుపుతుంది. అందుకే ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు, తనలో లోపం ఉన్నట్టు కూడా తెలియదు. అలాంటి ఇద్దరు దంపతులైతే, ఇద్దరి నుంచీ చెడినదే వచ్చిన బిడ్డకు జబ్బు వస్తుంది. కనుక తల్లిని నిందించడం, మగవాడికి మారు పెళ్లి చేయాలనడం అన్యాయం.

ప్రతి కాన్పులోనూ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. "ఒకరికి వచ్చింది, ఇక ముగ్గురికి రాదు" అనుకోవద్దు. ప్రతిసారీ లెక్క కొత్తగా మొదలవుతుంది.

మేనరికం సంగతి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నాలుగింట ఒక వంతు పెళ్లిళ్లు రక్తసంబంధంలోనే జరిగాయి. మేనత్త, మేనమామ బిడ్డలు జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు పంచుకుంటారు. మేనమామ, అక్క కూతురు అయితే నాలుగో వంతు. అందువల్ల ఒకే తాత లోపం ఇద్దరికీ చేరే వీలు ఎక్కువ. మేనరికం చేసుకున్నవారిలో ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు, భయపడవద్దు. అయితే ఆస్తి కలిసొస్తుందని సంబంధం ఖాయం చేసేముందు, రెండు ఇళ్లలో పసిబిడ్డలు ఇలా పోయారా అని పెద్దలు ఒక్కసారి ఆలోచించాలి.

మీరు చేయవలసినవి

1. బిడ్డ ఉండగానే పరీక్ష చేయించండి. కాగితం మీద ఆరబెట్టిన రెండు మూడు రక్తపు చుక్కలతోనే ఎంజైమ్ లోపం పట్టుకోవచ్చు. తరువాత జన్యు పరీక్షతో రూఢి చేస్తారు. బిడ్డ దక్కకపోయినా ఆ కాగితాలను భద్రంగా దాచండి. రాబోయే బిడ్డకు అవే దారి చూపుతాయి.

2. సంగతి తేలేవరకు కాన్పు వాయిదా వేయండి. నిరోధ్, మాలా-ఎన్ మాత్రలు, కాపర్-టి, అంతర ఇంజక్షన్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉచితంగా అందుతాయి. మీకు ఏది తగునో డాక్టరు చెబుతారు.

3. మళ్లీ గర్భం వస్తే మొదటి నెలల్లోనే చెప్పండి. లోపం ఏదో ముందే తెలిసి ఉంటే, మూడో నెలలో మాయ నుంచి కొద్దిగా తీసి పరీక్షిస్తారు. ఆపైన ఏం చేయాలన్నది చట్టానికి లోబడి మీ ఇద్దరి నిర్ణయం. ఎవరూ బలవంతం చేయరాదు. ఈ పరీక్ష ఆడా మగా తెలుసుకోవడానికి కాదు, అలా అడగడం 1994 చట్టం ప్రకారం నేరం.

వైద్యం ఉందా?

ఉంది. లేని ఎంజైమ్‌ను రెండు వారాలకొకసారి నరం ద్వారా ఎక్కించే మందు 2006లో వచ్చింది. జబ్బు పూర్తిగా పోదు గాని, త్వరగా మొదలుపెడితే గుండె కుదుటపడి చాలామంది బిడ్డలు బతుకుతున్నారు. జీవితాంతం వాడాలి, ఖర్చు చాలా ఎక్కువ. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఎంపికైన ఆసుపత్రుల ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందే వీలుంది. హైదరాబాదులోని నిమ్స్ అటువంటి ఆసుపత్రి.

పత్తికొండ నుంచి హైదరాబాదు దూరమే. కాని మొదటి అడుగు మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గరే పడుతుంది. ఆమెకు గాని, ఏఎన్ఎమ్‌కు గాని జరిగింది దాచకుండా చెప్పండి. వారు మిమ్మల్ని డాక్టరు వద్దకు, అక్కడినుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చేస్తారు. వెళ్లేటప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి.

విత్తనం మొలవకపోతే కారణం తెలుసుకోకుండా రైతు మళ్లీ విత్తడు. బిడ్డ విషయంలో తొందర ఎందుకు? ముందు తెలుసుకోండి, తరువాత కనండి.