మాట మీద నమ్మకం

సికింద్రాబాద్ చిలకలగూడ సందుల్లో ఆడుకునే పిల్లల మాటలు కాసేపు వినండి. ఒకడు ‘అల్లా కసం’ అంటాడు, ఇంకొకడు ‘అమ్మతోడు’ అంటాడు. ఒట్టు పడితే ఇక తగాదా ఉండదు. ఒట్టు తప్పితే నిజంగానే ఏదో కీడు జరుగుతుందని ఆ వయసు నమ్మకం.

స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే 1920లలో పిల్లలతో మాట్లాడి ఇలాంటి సంగతే రాశారు. అయిదారేళ్ల పిల్లలకు పేరు వేరు, వస్తువు వేరు కాదు. సూర్యుడి పేరు సూర్యుడిలోనే ఉందనుకుంటారు. పేర్లు మనుషులు పెట్టినవేనని తెలిసేసరికి తొమ్మిది, పదేళ్లు వస్తాయి.

ఆ తర్వాత పిల్లలు మాటను పరీక్షించడం మొదలుపెడతారు. ఒట్టు తప్పినా ఏమీ కాలేదని గమనిస్తారు. అంతకన్నా ఎక్కువగా మనల్ని గమనిస్తారు. ‘పండక్కి జనరల్ బజారులో కొత్త బట్టలు కొనిస్తా, ఇన్షా అల్లాహ్’ అంటాం. కొనివ్వం. రేపటి పని గురించి చెప్పేటప్పుడు దైవచిత్తాన్ని తలచుకోవాలని దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరా (23, 24 వాక్యాలు) బోధిస్తోంది. అది పనికి పూనుకున్నవాడి వినయం. మన ఇళ్లలో అది ‘కాదు’ అనలేక అనే మాటగా మారిపోయింది. ఇన్షా అల్లాహ్ అంటే ‘జరగదు’ అని పిల్లవాడు అర్థం చేసుకుంటే ఆ తప్పు ఎవరిది?

అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక సంఘటన ఉంది. దైవప్రవక్త (స) ఒక ఇంట కూర్చుని ఉండగా ఆ ఇంటి తల్లి ‘రా, నీకొకటి ఇస్తా’ అని కొడుకును పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అందామె. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ ఖాతాలో ఒక అబద్ధం నమోదయ్యేదని ఆయన హెచ్చరించారు. పసివాడికిచ్చిన మాట కూడా మాటే.

వయసు వచ్చాక ‘మాటదేముంది’ అనుకుంటాం. కాని నికాహ్‌లో ఇద్దరు సాక్షుల ఎదుట పలికే ‘ఖుబూల్’ అనే ఒక్క మాటతో రెండు జీవితాలు ముడిపడతాయి. కోపంలో ఒక్క గుక్కలో అనే మూడు తలాఖ్‌లు ఎన్ని కాపురాలను కూల్చాయో మన పెద్దలకు తెలుసు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో ఆ పద్ధతిని కొట్టివేసింది. 2019లో పార్లమెంటు దాన్ని నేరంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. చట్టం ఆ మాటకు బలం లేకుండా చేయగలదు గాని, అది విన్న ఇల్లాలి మనసులోంచి దాన్ని తీసివేయలేదు.

ముసలితనంలో మాటకు మళ్లీ బరువు పెరుగుతుంది. నోటివెంట మంచి మాటే రానివ్వమని మన దాదీ అంటుంది. తథాస్తు దేవతలుంటారు జాగ్రత్త అని పొరుగింటి హిందూ అవ్వ అంటుంది. కారణాలు వేరైనా జాగ్రత్త ఒకటే. పసివాడు మాటలోనే మహిమ ఉందని భయపడతాడు. దాదీ భయం అది కాదు. మనిషి పలికే ప్రతి మాటా నమోదవుతుందని ఖాఫ్ సూరా (18వ వాక్యం) తెలుపుతోంది. ఆ లెక్క అప్పజెప్పాల్సి ఉంటుందని ఆమెకు తెలుసు.

ఆ ఎరుక రావడానికి ముసలితనం దాకా ఆగనక్కర లేదు. చేయగలిగినదానికే పిల్లలకు మాట ఇద్దాం. చేయలేనిదాన్ని చేయలేమనే చెబుదాం. మనసులో గట్టిగా అనుకున్నాకే ఇన్షా అల్లాహ్ అందాం. అప్పుడు మన పిల్లలు ఆ మాట విని సంతోషిస్తారు.