ప్రత్యేక విద్యాలయాధిపతులు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవములు

వికలాంగ విద్యార్థులకై ప్రత్యేకముగా నెలకొల్పబడిన కళాశాలకో పాఠశాలకో ఎవరైనను ప్రిన్సిపాలుగా నియమితులైరని తెలిసినంతనే, మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల పెద్దలు "ఎంత పుణ్యమండీ, మీది దొడ్డ మనసు" అని మెచ్చుకొందురు. ఆ మాటలో సద్భావము లేకపోలేదు. కాని ఒక ఉద్యోగమును పుణ్యకార్యముగా ఎంచిన మరుక్షణమున, దానికి వలయు అర్హతలేవి, దానిని నిర్వహించువారు ఎవరికి జవాబుదారులు, పొరపాటు జరిగినచో అడుగువారెవరు అను ప్రశ్నలు మర్యాదచేతనే మూతపడిపోవును. ఈ విద్యాలయముల అధిపతులను గూర్చి వ్యాపించియున్న అపోహలలో పెక్కింటికి ఈ మర్యాదయే మూలము.

అపోహ: దయాహృదయ మొక్కటి ఉండిన చాలును.

దయ ఉండవలసినదే, వలదనువారెవరు? అయినను, జూన్ మాసమున తరగతులు తెరచునాటికి బ్రెయిలీ పుస్తకములు పిల్లల చేతికందునట్లు చూచుట, వైకల్యమును నిర్ధారించు సదరం ధ్రువపత్రము లేని విద్యార్థికి దానిని ఇప్పించుట, పరీక్షలో వ్రాసిపెట్టు సహాయకుని ముందుగనే కుదిర్చి గంటకు 20 నిమిషములకు తక్కువకాని అదనపుకాలమును సాధించుట, రాత్రివేళ మూర్ఛవచ్చిన పిల్లవానికి ఏమి చేయవలెనో వార్డెనుకేగాక వంటవానికిని నేర్పియుంచుట మున్నగునవి దయవలన జరుగునవి కావు. పట్టికలవలనను, ఉత్తరప్రత్యుత్తరములవలనను, విసుగులేని పట్టుదలవలనను జరుగునవి. అందుచేతనే ఇట్టిచోట నాయకత్వమనునది ప్రిన్సిపాలు కుర్చీతో ముగియదు. వైస్ ప్రిన్సిపాలును వార్డెనును అందు భాగస్వాములే. ఉపాధ్యాయులను చేర్చుకొనుటయందును శాసనబంధము కలదు. 1992 నాటి భారత పునరావాస పరిషత్ చట్టము ప్రకారము, పరిషత్తు పట్టికలో పేరులేనివారు ఈ వృత్తిని నెఱపినచో ఏడాదివఱకు కారాగారమో, వేయి రూపాయలవఱకు జరిమానాయో, లేక రెండునో విధింపవచ్చును. వేయి రూపాయలు నేటి ధరలలో ఎవరినైన భయపెట్టునా అని నవ్వుకొనవచ్చును గాని, నియమము నియమమే.

అపోహ: పరిపాలన ఎచ్చటనైనను ఒక్కటియే, అధిపతికి బ్రెయిలీయో సంజ్ఞాభాషయో తెలియనక్కరలేదు.

ఈ భ్రాంతికి చరిత్ర చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. పారిసు నగరమున అంధబాలుర విద్యాలయములో చదువుకొని, అచ్చటనే ఉపాధ్యాయుడైన లూయీ బ్రెయిలీ, 1824 నాటికే, అనగా పదునైదేండ్ల ప్రాయముననే, చుక్కల లిపిని రూపొందించెను. ఆనాటి అధిపతి పిన్యే దానిని ఆదరించెను. 1840లో ఆయనను తప్పించి పీఠమెక్కిన దుఫో అనునాతడు, చూపుగలవారు చదువు అక్షరములనే అంధులును తడిమి చదువవలెనను సిద్ధాంతముతో, ఆ లిపిని నిషేధించెను. విద్యార్థులు చాటుమాటుగా దానిని వాడుచునేయుండిరి. దుఫోకు సహాయకుడుగానున్న గాదే అనునాతడు, ఆ పిల్లలు ఎంత సులభముగా చదువుచున్నారో కన్నులార చూచి, తన పైయధికారిని మెల్లమెల్లగా ఒప్పింపగా, 1844లో నూతన భవన ప్రారంభోత్సవమున ఆ లిపి సభాసమక్షమున ప్రదర్శింపబడినది. అధికారికముగా దానిని స్వీకరించునాటికి 1854వ సంవత్సరము వచ్చినది. బ్రెయిలీ అప్పటికి రెండేండ్లక్రిందటనే గతించెను. ఒక అధిపతి లిపిని నిలిపెను, ఒకడు అణచెను, ఉపాధిపతి యొకడు తిరిగి బ్రదికించెను. నేడు మన తెలుగు పిల్లలు చేతివ్రేళ్లతో చదువు భారతీ బ్రెయిలీ, ఆ చుక్కల వంశమునకే చెందినది.

బధిరుల విషయమున ఇంతకంటె పెద్ద కీడే జరిగినది. 1880లో మిలాను నగరమున సమావేశమైన విద్యావేత్తలు, దాదాపు అందఱును వినగలవారే, బడులలో సంజ్ఞలను మాని నోటిమాటనే నేర్పవలెనని తీర్మానించిరి. తత్ఫలితముగా బధిరోపాధ్యాయులు పెక్కురు కొలువులు కోల్పోయిరి. ఆ తీర్మానమును త్రోసిపుచ్చి విచారము ప్రకటించుట 2010లో వాంకూవరున జరిగిన బధిరవిద్యా మహాసభకుగాని సాధ్యపడలేదు.

అపోహ: వికలాంగులు చదువుకొనవచ్చును గాని, విద్యాసంస్థను ఏలజాలరు.

దీనికి ఉత్తరము వెదకికొనుటకు మనము సముద్రములు దాటనక్కరలేదు. విజయనగరమున మహారాజా విజయరామ గజపతి 1919లో నెలకొల్పిన సంగీత కళాశాలకు మూలకారణము, ఆస్థానోద్యోగి చాగంటి జోగారావుగారి అంధకుమారుడు గంగరాజునకు సంగీతము నేర్పింపవలెనను సంకల్పమే యని చెప్పుదురు. తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. చూపు మందగించుటచే బడిచదువు నడుమనే ఆగిపోయిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట విద్యార్థిగా చేరగోరి వచ్చి, వయొలిన్ ఆచార్యపదవినే పొందిరని ప్రసిద్ధి. 1936లో దాసుగారి తరువాత ప్రిన్సిపాలైరి. ఆ కళాశాల నేటి యర్థమున ప్రత్యేక విద్యాలయము కాదు. నాయుడుగారిని ఎన్నుకొన్నదియు జాలిచే కాదు, కమానుపై ఆయనకు గల అధికారమును చూచియే. నేను నొక్కి చెప్పదలచినదియు ఇదియే.

శ్రీకాకుళమువైపు చూచినను నిదర్శనము కలదు. శ్రీముఖలింగ సమీపమునగల పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, సవరల భాష నేర్చుకొనుటకై కొండలు తిరుగుచు, విషజ్వరమునకు సేవించిన క్వినైనువలన వినికిడిని చాలవఱకు కోల్పోయిరి. ఆ పిదపనే సవరలకు బడులు పెట్టించిరి, వ్యావహారికభాషోద్యమమునకు నాయకత్వము వహించిరి. (ఆయనను గూర్చి ఈ శైలిలో వ్రాసినందులకు ఆయన నన్ను క్షమింతురుగాక!)

అమెరికాలోని గాలడెట్ బధిర విశ్వవిద్యాలయమునకు 1864లో పట్టములిచ్చు అధికారము లభించినది మొదలు 124 ఏండ్లపాటు వినగలవారే అధ్యక్షులు. 1988 మార్చిలో మరల వినగల వ్యక్తినే నియమింపగా, విద్యార్థులు వారముపాటు ప్రాంగణమును స్తంభింపజేసిరి. ఆమె రాజీనామా చేయగా, కింగ్ జోర్డన్ తొలి బధిరాధ్యక్షుడయ్యెను. విజయనగరము అట్టి అలజడియేమియు లేకుండ అంతకు 52 ఏండ్లముందే మందదృష్టిగల ప్రిన్సిపాలును చూచినది.

అపోహ: వికలాంగులకు రిజర్వేషను గుమాస్తా కొలువుల వఱకే.

కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, ప్రభుత్వ సంస్థలలోని ప్రతి ఉద్యోగవర్గమునందును 4 శాతమునకు తగ్గకుండ కేటాయింపవలెనని నిర్దేశించుచున్నది.

అపోహ: సామాన్య పాఠశాలలే అందఱను చేర్చుకొనుచుండ ఈ ప్రత్యేక విద్యాలయములతో పనిలేదు.

ఇది సగము సత్యమే. అదే చట్టము, 6 నుండి 18 ఏండ్ల వఱకుగల అర్హులైన పిల్లలకు సమీపపు బడినైనను ప్రత్యేక పాఠశాలనైనను తామే ఎన్నుకొను హక్కునిచ్చినది. రెండవది నాసిరకముగానున్నచో ఆ హక్కునకు అర్థమేమి?

కావున మన జిల్లాలలో ఇట్టి సంస్థల పాలకవర్గములందున్న పెద్దలకు నాదొక మనవి. మీ తదుపరి ప్రిన్సిపాలు పదవికి దరఖాస్తుల కట్ట విప్పినప్పుడు, అందులో అంధుడో బధిరుడో ఒక్కడైనను ఉన్నాడా యని మొదట చూడుడు. లేకున్నచో, ఆ ప్రకటన వారివఱకు ఏల చేరలేదో విచారించిన పిమ్మటనే ఇంటర్వ్యూ తేదీని నిర్ణయింపుడు.