కడుపులో ఆరని మంట

తొమ్మిదో తరగతి తరఫున ఈసారి గోడపత్రికలో కడుపు క్యాన్సర్ గురించి రాస్తున్నాను.

మన మామిడికుదురు మండలంలోనే పాశర్లపూడి ఉంది కదా. 1995 జనవరి 8న అక్కడ గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. కింద నుంచి గ్యాస్ వస్తున్నంతకాలం నీళ్ళు ఎంత కొట్టినా అలాంటి మంట ఆరదు. కడుపు గోడలో కూడా అలాంటి మంట ఒకటి రావచ్చు. అది ఒక్కోసారి మనకి తెలియదు కూడా.

కడుపులో ఆమ్లం ఉంటుంది, అందులో ఏ క్రిమీ బతకదని డాక్టర్లు అనుకునేవారు. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే డాక్టర్లు హెలికోబాక్టర్ పైలోరి అనే మెలిక తిరిగిన బాక్టీరియాని పెంచి చూపించారు. చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాని తానే తాగేశాడు! కొద్ది రోజులకే వాంతులు, కడుపులో వాపు. (నేనైతే తాగను.) 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ క్రిమి చేరగానే కడుపు గోడ కణాలు కబురు పంపుతాయి. ఆ కబుర్లే ప్రోటీన్లు. ఇంటర్‌ల్యూకిన్-8 అనే ప్రోటీన్ న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్ని పిలుస్తుంది. తర్వాత మాక్రోఫేజ్‌లు వచ్చి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్ఎఫ్ అనే కబుర్లతో ఇంకా సైన్యాన్ని రప్పిస్తాయి. అవి చల్లే రసాయనాలు క్రిమికే కాదు, మన గోడకీ తగులుతాయి. క్రిమి మాత్రం జిగురు పొరలో దాక్కుంటుంది. కాలికి దెబ్బ తగిలితే కొన్నాళ్ళకి సైన్యం వెళ్ళిపోతుంది, ఇక్కడ మాత్రం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. చచ్చిన కణాల బదులు కొత్తవి గబగబా పుట్టాలి, అప్పుడు డీఎన్ఏలో తప్పులు పడతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురేమో “పెరుగు, చావకు” అంటూనే ఉంటుంది. తప్పు పడిన కణం కూడా ఆ మాట వింటుంది. క్యాన్సర్ అలా మొదలవుతుంది.

దాన్ని టి-కణాలు చంపాలి. కానీ గేటు దగ్గర పాస్ చూపించినట్టు కొన్ని క్యాన్సర్ కణాలు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ చూపిస్తాయి. టి-కణం మీదున్న పీడీ-1కి అది తగలగానే టి-కణం ఊరుకుంటుంది. పీడీ-1ని 1992లో జపాన్‌లో హోంజో బృందం కనిపెట్టింది, 2018లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఈ మోసాన్ని అడ్డుకునే నివోలుమాబ్ అనే మందు కొందరు రోగులకు పనిచేస్తుంది. ఖరీదు మాత్రం మనలాంటి వాళ్ళు మోయలేనంత.

భయపడొద్దు, క్రిమి ఉన్నవాళ్ళలో చాలామందికి క్యాన్సర్ రాదు. చుట్టలు, ఉప్పు చేపలు ఎక్కువైతే ప్రమాదం పెరుగుతుంది. మా కొండ ఊళ్ళలో కడుపు నొప్పంటే వాము నీళ్ళు తాగి పడుకుంటారు. మా పెద్దమ్మ రెండేళ్ళు అలాగే చేసింది. నల్లగా విరేచనం అవుతున్నా సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పట్నం తీసుకెళ్ళేసరికి ఆపరేషన్‌కి కూడా వీల్లేదన్నారు.

పరీక్షలో ఈ క్రిమి ఉందని తేలితే రెండు రకాల యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మాత్రతో కలిపి మామూలుగా 14 రోజులు ఇస్తారు. బావి నోరు మూసినట్టే. మధ్యలో మానేస్తే క్రిమి మొండికేస్తుంది. నల్ల విరేచనం, వాంతిలో రక్తం, ఊరికే చిక్కిపోవడం, ముద్ద దిగకపోవడం ఉంటే వెంటనే డాక్టరుకి చూపించాలి. సెలవులకి వెళ్ళినప్పుడు ఇంట్లో అమ్మమ్మల్ని, పెద్దమ్మల్ని ఈ నాలుగూ అడగండి. మనం అడిగితేగానీ వాళ్ళు చెప్పరు.